నెర్రెలో పడ్డ పుస్తెలు, అటక మీద నుంచి దిగిన మెటల్ డిటెక్టర్: ఒక కేసు పూర్తిగా

మెషిన్ ఎలా వచ్చిందో ముందు చెప్తా. మా నరసాపురం పక్క ఊళ్లో ఒకాయన మస్కట్‌లో పనిచేసి వచ్చేసేటప్పుడు అక్కడే సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చుకున్నారు. రెండేళ్లు అంతర్వేది బీచ్‌లో తిప్పారు, తర్వాత అటక ఎక్కించేసారు. స్క్రీన్ లేదు, నంబర్లు లేవు, మూడు నాబ్‌లు, ఒక స్విచ్చి, 8 అంగుళాల గుండ్రటి కాయిల్, రెండు 9 వోల్టుల బ్యాటరీలు, అంతే. 3,500 కి ఇచ్చేస్తూ "మోగుద్ది గానీ ఎప్పుడు మోగుద్దో దానిష్టం అబ్బాయ్" అన్నారు.

నేను ఇన్వర్టర్లు, యాంప్లిఫయర్లు, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల ప్యానల్ బోర్డులు బాగుచేస్తా. ఇది కొన్నది సామిల్లు వాళ్ల కోసం. కోనసీమలో పాత మండువా ఇళ్లు పడగొట్టిన టేకు దూలాలు కోతకి వస్తాయి కదా, లోపల ఎప్పటివో మేకులు విరిగిపోయి ఉంటాయి, పైకి కనపడవు, ఒక్కటి తగిలితే చాలు బ్లేడు పళ్లు పోతాయి. కోతకి ముందు దూలం మీద మెషిన్ తిప్పి మేకు ఉన్నచోట సుద్ద గీత గీస్తే వాళ్లకి బ్లేడు మిగులుద్ది, నాకు నాలుగు రూపాయలు వస్తాయి. పుస్తెల కేసు వస్తదని అప్పుడు అనుకోలేదు.

మెషిన్ బల్ల మీద పెట్టినప్పుడు దాని పరిస్థితి ఇది. ఆన్ చేస్తే ఒకసారి సౌండ్ వస్తుంది ఒకసారి రాదు, వచ్చినప్పుడు కాయిల్ కదపకపోయినా టకటకా మోగుద్ది, కాయిల్ ఎత్తితే ఒక రకం దించితే ఒక రకం. ఇలాంటిది చూడగానే చాలామంది బోర్డు పోయిందనుకుని మూత తీసి ఐసీల మీద పడతారు. నా అనుభవంలో పాత మెషిన్‌లో బోర్డు చివర్లో చూడాల్సిన విషయం. కదిలేది, తడిచేది, రాసుకునేది ముందు చూడాలి. బ్యాటరీ క్లిప్పు, జాక్, కేబుల్, కాయిల్ మూత, నాబ్‌లు, ఆ తర్వాతే బోర్డు.

బ్యాటరీ అర తెరిస్తే ఒక క్లిప్పు పచ్చగా తుప్పు పట్టి ఉంది, దాని వైరు లాగితే చేతికి వచ్చేసింది, లోపల రాగి నల్లగా మారిపోయింది. సెల్ కారినప్పుడు ఆ రసం వైరు తొడుగు లోపల నుంచి పాకుతూ వెళ్లిపోద్ది, కాబట్టి క్లిప్పు ఒక్కటే మారిస్తే సరిపోదు, మెరిసే రాగి కనపడేదాకా వైరు కోసుకుంటూ పోవాలి. నాకు రెండున్నర అంగుళాలు కొయ్యాల్సి వచ్చింది. ఆల్కలైన్ సెల్ కారి తెల్లటి పొడి పేరుకుంటే వెనిగర్ గానీ నిమ్మరసం గానీ దూది పుల్లతో అద్ది తుడిచి, తర్వాత ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. నీళ్లు మాత్రం పొయ్యకండి. క్లిప్పులు రెండూ కొత్తవి వేసా, పాతిక రూపాయల్లో పనైపోయింది.

సౌండ్ వచ్చీ రాకపోవడం హెడ్‌ఫోన్ జాక్ పని. జాక్ లోపల ఒక చిన్న రేకు ఉంటది, పిన్ను గుచ్చనప్పుడు ఆ రేకు ఇంకో రేకుని తాకి స్పీకర్‌కి దారి ఇస్తుంది. పిన్ను గుచ్చితే ఆ దారి కట్టయ్యి సౌండ్ హెడ్‌ఫోన్‌లోకి పోద్ది. ఉప్పు గాలికి ఆ రెండు రేకుల మధ్య తుప్పు పొర వచ్చేస్తే పిన్ను లేకపోయినా స్పీకర్ మూగదైపోద్ది. టార్చ్ వేసి చూస్తే రేకు అంచున గోధుమ రంగు మచ్చ, ఆవగింజంత కూడా లేదు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి హెడ్‌ఫోన్ పిన్ను ఇరవై ముప్ఫై సార్లు పెట్టి తీసా, స్పీకర్ గట్టిగా పలికింది. మూడు నాబ్‌లకీ అదే క్లీనర్, ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ ఉంటే గరగర తగ్గిపోయింది.

అసలు జబ్బు కేబుల్‌లో ఉంది. మెషిన్ ఆన్ చేసి, కాయిల్‌ని ఇనుము లేని చెక్క స్టూల్ మీద కదలకుండా పెట్టి, కేబుల్‌ని ఒక్కో అంగుళం వంచుతూ పోయా. కాయిల్ నుంచి మొదలెట్టి పైదాకా నిశ్శబ్దం, ప్లగ్గు దగ్గరకొచ్చేసరికి గొల్లుమంది. కాయిల్ లోపల రెండు తీగ చుట్లుంటాయి, ఒకటి సిగ్నల్ పంపేది, ఒకటి వినేది. మల్టీమీటర్ పెట్టి చూస్తే పంపే చుట్టు 4 ఓమ్స్ దగ్గర నిలకడగా ఉంది, వినే చుట్టు 30 పైన చూపిస్తా చూపిస్తా కేబుల్ వంచగానే ఓపెన్ అయిపోతోంది. ఎవరో కేబుల్ పట్టుకుని లాగి ప్లగ్గు ఊడదీసే అలవాటు ఉన్నవాళ్లు వాడారన్నమాట. పిన్నులకి ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకున్నా (ఇది మర్చిపోతే తర్వాత ఏడుపే), మూడంగుళాలు కోసేసి మళ్లీ సోల్డర్ చేసి హీట్ స్లీవ్ వేసా. షీల్డు జడ (వైర్ల చుట్టూ అల్లిన తీగ) పూర్తిగా పిన్నుకి అతకాలి, ఒక పోగు పక్క వైరుకి తగిలినా మొత్తం తిరగబడుద్ది.

కాయిల్ కింద ప్లాస్టిక్ మూత ఎప్పుడూ తీసినట్టు లేదు. తీస్తే లోపల గుప్పెడు ఇసుక, సగం నల్లది. కాగితం మీద పోసి కింద నుంచి స్పీకర్ అయస్కాంతం తిప్పితే నల్ల రేణువులు ముళ్లలా నిలబడి దాంతోపాటే నడిచాయి. మన తీరంలో ఇసుకలో మాగ్నెటైట్, ఇల్మెనైట్ లాంటి బరువు ఖనిజాలు ఉంటాయి, అదే ఈ నల్ల ఇసుక. అది మూతలో ఇరుక్కుని కాయిల్‌తో పాటు ఊగుతూ ఉంటే మెషిన్ ఎప్పుడూ ఏదో ఒకటి పక్కనే ఉందనుకుంటది. కడిగి ఆరబెట్టి మూత పెట్టా. కాయిల్‌ని రాడ్‌కి బిగించే చోట రబ్బరు వాషర్లు ఎండి పగిలిపోతే సైకిల్ ట్యూబ్ గుండ్రంగా కోసి వేసా, బోల్టు మాత్రం ప్లాస్టిక్‌దే ఉండాలి, షాపులో దొరికింది కదా అని ఇనప బోల్టు వేస్తే కాయిల్ దాన్నే చూస్తా కూర్చుంటది. కేబుల్‌ని రాడ్‌కి బిగుతుగా చుట్టి రెండు చోట్ల టేపు వేసా. వేలాడే కేబుల్ కూడా దొంగ సిగ్నల్ ఇస్తుంది.

తర్వాత గాల్లో టెస్ట్. ఇక్కడ ఒక మాట, రూపాయి బిళ్లతో టెస్ట్ చెయ్యకండి. ఇప్పటి రూపాయి బిళ్లలు అయస్కాంతానికి అంటుకునే స్టీలు, మెషిన్ దాన్ని సగం ఇనుము లెక్కన చూస్తుంది, డిస్క్ నాబ్ (డిస్క్రిమినేషన్, అక్కర్లేని లోహాలు మోగకుండా ఆపేది) పెంచితే కొట్టేస్తుంది, మీరేమో మెషిన్ పాడనుకుంటారు. నేను మా ఆవిడ ఉంగరం దారానికి కట్టి వాడా. ఉంగరం 6 అంగుళాల దూరం దాకా దొరికింది, పాత మెషిన్‌కి అది బాగానే ఉన్నట్టు. సామిల్లులో నాలుగు నెలలు ఇబ్బంది లేకుండా నడిచింది.

ఏప్రిల్‌లో, దాళ్వా కోతలప్పుడు, సఖినేటిపల్లి వైపు నుంచి ఫోన్ వచ్చింది. ఒక రైతు గారి భార్య, కోసిన పనలు మోపు కట్టి గట్టు మీదకి మోస్తుంటే నాంతాడు తెగిపోయింది. మూడు కాసుల తాడు, రెండు పుస్తెలు, నాలుగు గుండ్లు. మోపు దించాక చూసుకుంటే మెడలో లేదు. ఇంటిల్లిపాదీ రెండు రోజులు వెతికి రెండు గుండ్లు మాత్రం పట్టుకున్నారు. ఆవిడ ఫోన్‌లో అడిగింది బంగారం గురించి కాదు. "పుస్తెలైనా దొరుకుతాయా తమ్ముడూ" అన్నారు. ఆ మాటకి పొద్దున్నే మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి వశిష్ట గోదావరి దాటి వెళ్లా.

చేను 12 సెంట్ల మడి. మోళ్ల మధ్య నేల నెర్రెలు విచ్చింది, కొన్ని నెర్రెల్లో నా వేలు పూర్తిగా దిగిపోతోంది. సముద్రం దగ్గర కాబట్టి అక్కడక్కడ ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. పక్కనే రొయ్యల చెరువు, నాలుగు ఏరియేటర్లు తిరుగుతున్నాయి. అవతలి గట్టు పక్కన గ్యాస్ పైపులైన్ గుర్తు బోర్డు ఉంది, ఆ వైపు గునపం పెట్టేది లేదని ముందే చెప్పేసా. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైన్ పేలి ఏం జరిగిందో ఆ చుట్టుపక్కల ఎవరికీ గుర్తుచెయ్యక్కర్లేదు.

మొదటి రోజు ఒక్కటీ దొరకలేదు. కారణాలు మూడు, మూడూ నా సెట్టింగువే, అందుకే వివరంగా రాస్తున్నా.

ఒకటి, టైం. ఎండకి భయపడి పొద్దున్న 7 కి మొదలెట్టా. మంచుకి నేల పైన తడిగా ఉంది, ఆ తడిలో ఉప్పు ఉంది. మంచినీళ్లు మెషిన్‌కి అడ్డం కాదు గానీ ఉప్పునీళ్లలో కరెంటు పారుద్ది, కాబట్టి నేలే మెషిన్‌కి ఒక పల్చటి లోహపు రేకులా కనపడుద్ది. కాయిల్ కొంచెం వంగినా చాలు, మోత.

రెండోది ఏరియేటర్లు. మోటార్లు, వాటి కరెంటు తీగలు, ఈ రొద వినే చుట్టులోకి వచ్చేస్తుంది. సెన్సిటివిటీ తగ్గించా, సగానికి సగం దించాక గానీ నిశ్శబ్దం రాలేదు, అంత దించితే లోతు పోయింది. కాసేపు ఆపమని అడగొచ్చు కదా అంటారేమో, పొద్దున్నపూట అడక్కూడదు. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లారుజామున అడుగంటుద్ది, ఆ టైంలో ఏరియేటర్ ఆపితే రొయ్య పోద్ది. నా బతుకే ఆ ప్యానళ్ల మీద, ఆ సంగతి నాకు తెలుసు.

మూడోదే అన్నిటికన్నా పెద్ద తప్పు. చేలో పురుగుమందు పాకెట్ల రేకు ముక్కలు, మందు సీసాల మూతలు, మాత్రల స్ట్రిప్పులు విపరీతంగా ఉన్నాయి, విసుగొచ్చి డిస్క్ నాబ్ పెంచేసా. రేకు ముక్కలు మోగడం ఆగింది. దాంతోపాటు బంగారం కూడా ఆగిపోయింది. చిన్న బంగారం ముక్క, అల్యూమినియం రేకు, రెండూ ఇలాంటి మెషిన్‌కి ఇంచుమించు ఒకే చోట కనపడతాయి. రేకు వద్దన్నామంటే పుస్తె కూడా వద్దన్నట్టే. చెత్త తవ్వడం ఇష్టం లేనివాళ్లు పోయిన బంగారం వెతకడానికి వెళ్లకూడదు. సామిల్లులో మేకులకి అలవాటుపడ్డ చెయ్యి ఇది, రెండున్నర గంటలు ఆవిడ గట్టు మీద కూర్చుని చూస్తుండగా నేను ఏ ఉపయోగం లేని సెట్టింగ్‌లో తిరిగా. ఆ సంగతి ఆవిడకే చెప్పి, ఎల్లుండి వస్తానని వెనక్కొచ్చేసా.

ఇంటికొచ్చి ముందు చేసింది మెషిన్ శుభ్రం. ఉప్పు నేలలో తిప్పాక అదే రోజు చెయ్యాలి, రేపన్నది లేదు. కాయిల్ మూత తీసి మంచినీళ్లతో కడగడం, రాడ్ బిగింపులు తుడవడం, కంట్రోల్ బాక్స్‌ని తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో. బ్యాటరీలు బయటికి తీసి వేరే డబ్బాలో, మెషిన్ పక్కన రెండు సిలికా జెల్ సంచులు, అవి తడి పీల్చేస్తే పొయ్యి మీద పెనంలో సన్నటి సెగకి వేడిచేసి మళ్లీ వాడొచ్చు. మన డెల్టాలో ఎలక్ట్రానిక్స్‌కి శత్రువు ఎండ కాదు, గాల్లో ఉండే ఈ చెమ్మ. నేను రీఛార్జబుల్ బ్యాటరీలు వాడతా, 9 వోల్టులని రాసున్నా ఏడు సెల్సు ఉన్న నికెల్ రకం నిజానికి 8.4 వోల్టులే, మెషిన్‌లో బ్యాటరీ చెక్ తక్కువ చూపిస్తుంది, దానికి కంగారుపడక్కర్లేదు.

తర్వాత పెరట్లో ఒక టెస్ట్ చేసా. మా అమ్మ పాత పుస్తె ఒకటి ఇంట్లో ఉంది, ఒక నాంతాడు కూడా, రెండూ విడివిడిగా కాయిల్ ముందు తిప్పా. పుస్తె 5 అంగుళాల దగ్గర పలికింది. దానికి ఎన్నో రెట్లు బరువున్న తాడు చాపి పెడితే రెండున్నర అంగుళాలే, ముద్దగా చేస్తే ఇంకాస్త. బరువు కాదండీ లెక్క. కాయిల్ పంపే క్షేత్రానికి లోహంలో సుడి తిరిగే కరెంటు పుడుద్ది, మెషిన్ వినేది దాన్నే. పుస్తె ఒకే రేకు, కరెంటు దాని అంచు వెంబడి హాయిగా గుండ్రంగా తిరుగుద్ది. గొలుసులో లింకు లింకు వేరు, ఒకదానికొకటి ఊరికే తాకుతూ ఉంటాయి, ప్రతి లింకులో ఒక బుల్లి సుడి తప్ప పెద్దది పుట్టదు. కాబట్టి నేను వెతకాల్సింది తాడు కాదు, పుస్తె. పుస్తెని నిలబెట్టి అంచు కాయిల్ వైపు పెడితే మాత్రం ఒక బీప్ బదులు పక్కపక్కనే రెండు సన్నటి బీపులు. నెర్రెలో పడితే ఇలాగే నిలబడి ఉంటదని అప్పుడు తట్టింది.

రెండోసారి మధ్యాహ్నం 2 దాటాక దిగా. పైమన్ను ఎండి పొడిబారింది. చెరువు ఆయన్ని అడిగితే "ఎండ బాగుంది కదా, ఓ అరగంట ఆపుతాలెండి" అన్నారు, ఎండలో నీళ్లలో ఆక్సిజన్ బాగా ఉంటది కాబట్టి ఆయనకి ఇబ్బంది లేదు. నా ఫోన్ కూడా ఆపేసి గట్టు మీద పెట్టా. డిస్క్ నాబ్ సున్నాకి, స్విచ్చి ఆల్ మెటల్‌లో. గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల వల్ల వచ్చే మోత పోగొట్టడం) చేసిన పద్ధతి ఇది: ముందు ఏ లోహం లేని చోటు చూసుకుని, కాయిల్‌ని నేలకి సమానంగా పట్టుకుని ఒక అడుగు ఎత్తు నుంచి రెండంగుళాల దాకా దించుతూ ఎత్తుతూ, దించినప్పుడు సౌండ్ పెరిగితే నాబ్ ఒక వైపు, తగ్గితే రెండో వైపు, కొంచెం కొంచెం తిప్పుతూ, ఎత్తినా దించినా సౌండ్ మారని చోట ఆపడం. ఉప్పు పేరుకున్న చోటికి వెళ్లగానే మళ్లీ చెయ్యాలి. ఆ ఒక్క మడిలో నేను నాలుగు సార్లు చేసా.

మోపు మోసిన దారి ఆవిడ నడిచి చూపించారు. ఆ దారికి అటూ ఇటూ పురికొస కట్టి మూరెడు వెడల్పు పట్టీలు చేసా. కాయిల్ 8 అంగుళాలైనా కింద లోతులో అది చూసే చోటు ముంతంత అయిపోద్ది, కాబట్టి ఒక్కో ఊపుకి మూడంగుళాలే ముందుకి. మోగిన ప్రతిదీ తవ్వా. రాసుకున్న లెక్క ప్రకారం 37, అందులో రేకు ముక్కలు 21, సీసా మూతలు 9, కొడవలి ముక్క ఒకటి, మిగతావి మేకులు, తీగలు.

ముప్ఫై ఎనిమిదోది సన్నటి జంట బీపు. కాయిల్ అడ్డంగా ఊపితే రెండు, తొంభై డిగ్రీలు తిరిగి ఊపితే ఒకటే. కింద చూస్తే నెర్రె. గునపం వద్దని ఆ పక్క మన్ను చేత్తో పెళ్ల కింద లేపా, నా వేలి ఉంగరం ముందే తీసేసా కాబట్టి పెళ్లని కాయిల్ ముందు తిప్పితే పెళ్లే మోగింది. వెదురు బద్దతో మెల్లగా విడదీస్తుంటే ముందు పసుపు రంగు అంచు ఒకటి కనపడింది, అర్ధచంద్రంలా, దానికి ఆనుకునే రెండోది. మన్నుతో సహా ఆవిడ దోసిట్లో పెట్టేసా. ఆవిడ కొంగుతో తుడిచి కళ్లకద్దుకున్నారు, వాళ్లాయన అటు తిరిగి చెరువు వైపు చూస్తా ఉండిపోయారు.

తాడు మెషిన్‌కి దొరకలేదు, నిజం చెప్పాలి. పుస్తెలు దొరికిన నెర్రె వెంట కాయిల్ నేలకి ఆనించి తిప్పితే ఒకచోట చిన్న చిరచిర, మామూలుగా అయితే పట్టించుకోను. పెరట్లో విన్నది గుర్తుండబట్టి ఆ నెర్రెని చేత్తో విప్పుకుంటూ పోతే మూరెడు దూరంలో తాడు నిలువుగా జారి ఉంది, కొక్కెం పైకి, మిగతాదంతా కిందకి. ఆ చిరచిర కొక్కేనిదే.

ఊళ్లో ఈ సంగతి తెలిసిన వారంలోనే లంకెబిందెలున్నాయి రమ్మని ఐదుగురు ఫోన్ చేసారు, ఒకరు పాత గుడి వెనక అన్నారు. వెళ్లను. భూమిలో దాచి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి చెప్పాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది, రక్షిత కట్టడాల దగ్గర తవ్వడం ఇంకా పెద్ద నేరం. నిన్న పోయి, ఓనరు పక్కనే నిలబడి ఉన్న వస్తువుకీ దీనికీ పోలికే లేదు. గుడి వెనక తవ్వడానికి మెషిన్ అద్దెకి కూడా ఇవ్వను.

ఇంకా రెండు గుండ్లు దొరకాలి. బోలు గుండు అంటే బఠాణీ గింజంత, ఈ కాయిల్‌కి అంగుళం లోతులో కూడా కష్టమే. ఆవిడ చాలు తమ్ముడూ అన్నారు గానీ కాలువలకి నీళ్లు వదిలితే సార్వాకి దమ్ము చేస్తారు, ట్రాక్టర్ చక్రాలు తిరిగాక ఆ గుండ్లు ఎంత లోతుకి పోతాయో, ఏ మూలకి పోతాయో చెప్పలేం. ఆ లోపు ఒక మధ్యాహ్నం పూట పంటు ఎక్కి వెళ్లి, ఆ నెర్రె చుట్టూ పైమన్ను రెండంగుళాలు చెక్కి జల్లెడ పట్టి, ఒక్కో జల్లెడా కాయిల్ ముందు తిప్పి చూడాలి. ప్లాస్టిక్ జల్లెడ కొనిపెట్టా.